మా నేస్తం నడక నేర్చుకున్న ఏడాది

సాలూరు దారిలో మా నేస్తాన్ని కాల్చేశారన్న కబురు సంతరోజు మధ్యాహ్నం వచ్చింది. చింతపండు తెచ్చిన ముసలమ్మ గంప దించకుండానే నా చెవిలో చెప్పింది. నేను ఏడవలేదు. ఎవరైనా విన్నారేమోనని ముందు వీధికి అటూ ఇటూ చూశాను. పదిహేను రోజులైనా ఆ సంగతి తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నప్పుడు కూడా తలుపు గడియ వేసే ఉంది.

అరకు లోయలో అతన్ని ఎరగనివారు లేరు. సాలూరు జాతర పరుగు పందెంలో వరసగా మూడేళ్ళు గెలిచిన కొండమనిషి. కింది ఊళ్ళ కుర్రాళ్ళు రొప్పుతూ చివరికి చేరేసరికి, అతను తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ ఉండేవాడు. వెనక వచ్చినవాణ్ణి భుజం పట్టి కూర్చోబెట్టి, తన అంబలిలో సగం పోసేవాడు. "కొండెక్కితే ఊపిరి దాసుకోవాల, దిగితే మోకాళ్ళు దాసుకోవాల" అని వాడికి చెప్పేవాడు.

ఓడినవాడికి గుట్టు చెప్తావేమిటని నేనంటే, "మల్లీ ఏడు నాతోటి ఎవుడు పరిగెడతాడు మరి?" అనేవాడు.

నేను కింద నుంచి వచ్చి ఇక్కడ ఉప్పూ బట్టల కొట్టు పెట్టుకున్నవాణ్ణి. వచ్చిన కొత్తలో జ్వరంతో దారిలో పడిపోతే, నన్ను వీపున వేసుకుని లోయకు చేర్చాడు. కోలుకున్నాక ఇద్దరం నేస్తం కట్టాం.

కిందటేడు కొండల్లో గొడవలు మొదలయ్యాయి. సర్కారు పంపిన తుపాకులవాళ్ళు దారులు కాశారు. ఎవడైనా పరిగెత్తితే తిరుగుబాటువాళ్ళ కబురు మోస్తున్నాడనుకుని కాల్చేస్తున్నారని సంతలో గుసగుసలు. అప్పటి నుంచి మా నేస్తం నడక నేర్చుకున్నాడు. మా కొట్టు ముందే అటూ ఇటూ నడిచేవాడు. నాలుగడుగులు వేసేసరికి కాళ్ళు తొందరపడేవి.

"అన్నయ్యా, మళ్ళీ ఉరుకుతున్నావు" అని నా భార్య నవ్వేది.

"ఏటి సేత్తాను సెల్లెమ్మా, నా కాళ్ళకి నడకంటే తెల్దు."

తనూ నవ్వేవాడు కానీ, చూపు మాత్రం కొండదారి మీదే ఉండేది.

మూడు వారాల కిందట మా అయిదేళ్ళ పాపకు మన్యం జ్వరం తగిలింది. మూడోనాటికి సంధి మాటలు మొదలయ్యాయి. మందు సాలూరు ఆసుపత్రిలో తప్ప దొరకదు. వెళ్ళాల్సినవాణ్ణి నేను. చెప్పులు కూడా వేసుకున్నాను. గుమ్మం దాటలేకపోయాను. నేస్తం నా కాళ్ళ వంక చూశాడు.

పాపను చూపించి, "నువ్వు గుంట కాడుండు. నానెల్లొత్తాను."

"పరిగెత్తనని ఒట్టెయ్యి."

"నడుత్తాను నేస్తం, ఒట్టు" అని నా చేతిలో చెయ్యి వేశాడు.

మామూలు మనిషికి పోనూ రానూ నాలుగు రోజుల దారి. మూడోరోజు పొద్దున్నే అతను తిరిగొస్తూ చివరి కొండ దిగుతున్నాడు. కాపలా ఉన్న చోటల్లా బుద్ధిగా నడిచే వచ్చాడని దారిలో చూసినవాళ్ళు తరవాత చెప్పారు. మా లోయ కనబడేసరికి కాళ్ళు ఆగలేదు కాబోలు. పరుగందుకున్నాడు. ఎవరో తెలియని భాషలో అరిచారట. ఆ వెంటనే రెండు మోతలు. చింతపండు ముసలమ్మ పొద చాటు నుంచి చూసింది అంతవరకే.

సాయంత్రం అతని తమ్ముడు వచ్చి మందు పొట్లం మా గడప మీద పెట్టాడు. "బేగి పట్టండి" అన్నాడు. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

మా పాప బతికింది. అన్నం అడుగుతోంది. మావయ్య ఎప్పుడొస్తాడని అడుగుతోంది. వాళ్ళమ్మ ఏదో పని కల్పించుకుని పెరట్లోకి వెళ్ళిపోతుంది. నేను తల నిమురుతాను. ఈ గొడవలకు ముందు కొండ మీద భయమంటే నాకు పులీ, జ్వరమూ మాత్రమే. ఇప్పుడు చెప్పుల చప్పుడు కాస్త గట్టిగా వినబడినా లేచి తలుపు గడియ వేస్తున్నాను.

మొన్న సంత మధ్యలో ఒక్కసారిగా పెద్ద వాన దిగింది. పాపను ఎత్తుకుని కొట్టు అరుగు మీద నిలబడ్డాను. ఉప్పు మూటలు కరిగిపోతున్నాయి, కొన్న చీరలు తడిసిపోతున్నాయి. జనం చూరు కిందికి ఉరకలేదు. ముసలివాళ్ళూ, చంటిబిడ్డల తల్లులూ, పిల్లలూ, చేతులు పైకి కనబడేలా పెట్టుకుని, ఒకరి వెనక ఒకరుగా, ఆ జోరువానలో మెల్లగా నడుచుకుంటూ వెళ్తున్నారు.