ఘాలియాకి పోసిన కాఫీ

జోర్డాన్‌లోని సల్త్ ఊళ్ళో ఫిద్దా కళ్ళజోడు మార్పించుకుందామని వెళ్తే, కళ్ళ డాక్టరు లోపలికంతా చూసి, కంటి వెనక రక్తనాళాలు సన్నబడ్డాయన్నాడు. మెదడులోనూ అలాగే ఉంటే మతిమరుపు జబ్బు రావచ్చట, రాకపోనూవచ్చట. పరీక్షలు చేయిస్తే మంచిదన్నాడు.

అవి చేయించేలోపే కూతురు మైసూన్ ఇంట్లో పరీక్షలు మొదలెట్టేసింది. "అమ్మా, ఇవాళ ఏ వారం? నిన్న ఏం కూర?"

"నిన్న వండింది నువ్వు. ఉప్పు కషాయం. మర్చిపోదామన్నా మర్చిపోలేక చస్తున్నా!"

కబురు గోడ దాటింది. మర్నాడు పక్కింటి ఘాలియా వచ్చి కూర్చుంది. ఆకులు తను ఆరేసిన బట్టల మీద రాలుతున్నాయని, ఫిద్దా ఊళ్ళో లేనప్పుడు చూసి వాళ్ళ పెరట్లో అంజూర చెట్టు కొట్టించిన మనిషి. అప్పట్నుంచీ ఆ ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

మైసూన్ కాఫీ పోసిచ్చింది. ఘాలియా ముట్టకుండా కింద పెట్టింది. అక్కడి ఆనవాయితీలో, అడిగింది ఇస్తామనే దాకా అతిథి కాఫీ తాగకపోతే ఆ ఇంటికి అంతకన్నా తలవంపు లేదు.

"వదినా, అన్నీ గుర్తుండగానే నన్ను క్షమించానని ఒక్క మాట అను. అప్పుడు తాగుతా," అంది కళ్ళొత్తుకుంటూ.

"పోనీలేవే అమ్మా," అని మైసూన్ బతిమాలింది.

ఫిద్దా వంగి ఆ కప్పు తీసుకుని, ఒక్క గుక్కలో తనే తాగేసింది.

"మైసూన్, ఆ డాక్టరు నా కళ్ళలోకి తొంగిచూడక్కర్లేదని చెప్పు. ఈ ఘాలియాని చూసి నేను ఆప్యాయంగా నవ్విన రోజున నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళు."