అమావాస్య దాటాక మాచర్లకు

గుంటూరు నుంచి మాచర్ల వెళ్లే ప్యాసింజరు పొద్దున్నే ఉంటుంది. రద్దీ తక్కువ, టికెట్టు చవక. నేను పిల్లలకు వడ్రంగం నేర్పి రిటైరైనవాణ్ణి. పాత ఇనుప కొట్లలో ఉలులూ రంపాలూ ఏరి తెచ్చి, తుప్పు వదిలించి, పిడులు వేసి మళ్లీ పనిలోకి దించడం నా పిచ్చి. మా ఆవిడ దీనికి ఇంకో పేరు పెట్టింది, అది ఇక్కడ రాయను. ఈసారి మాత్రం నా కోసం కాదు, గురజాల బ్రహ్మం కోసం బయలుదేరాను.

బ్రహ్మం, వాళ్ల అన్న, ఇద్దరూ వడ్రంగులు. అన్న మొన్న వానాకాలంలో పోయాడు. ఈమధ్య బ్రహ్మం కూతురి ఇంటికి వెళ్లి వచ్చేసరికి, అన్న కొడుకు ఇల్లు సర్దుతూ పనిముట్ల పెట్టెను పాత సామాన్ల ఆటోకి వేసేశాడు. చెక్కను నున్న చేసే అన్న చిత్రిక అందులోనే ఉంది. తుమ్మ దిమ్మను అన్నే సొంతంగా చెక్కి, బ్లేడు బిగించుకున్నాడు. ఏళ్ల తరబడి పట్టీ పట్టీ బొటనవేలు ఆనే చోట దిమ్మ గుంట పడింది. బ్రహ్మం పని నేర్చుకున్నది దాని మీదే. పెట్టె మాచర్లలో ఏ కొట్టుకు చేరిందో కనుక్కుని, అమ్మొద్దని వాళ్లకు చెప్పి, నాకు ఫోన్ చేశాడు.

"రేపే పోదాం" అన్నాను.

"రేపు అమావాస్య మాస్టారూ. పనిముట్టు ముట్టుకోం గదా. ఎల్లుండి పోదాం."

అమావాస్య నాడు బ్రహ్మం వాళ్లు ఉలి కూడా తాకరు. ఆ రోజు పనిముట్లకు విశ్రాంతి. నేను కాస్త గొణిగి ఊరుకున్నాను.

సత్తెనపల్లిలో ఇడ్లీ పొట్లం కొన్నాను. చట్నీ అంతా నీళ్లే. వెళ్లేవాళ్లు ఇంట్లోనే తిని ఎక్కడం మంచిది. ఎదురు సీట్లో మిరపకోతకు వెళ్తున్న ఒకావిడ నా సంచి వంక చూసి ముక్కు చిట్లించింది.

"ఏంది సార్, నూనె వాసన?"

"తుప్పు వదిలించడానికమ్మా."

"అయితే మా ఆయనక్కూడా కాస్త పట్టించి పోండి!"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ రోజు నేను నవ్వింది అక్కడ ఒక్కచోటే.

గురజాలలో బ్రహ్మం ఎక్కాడు. చిత్రికను చుట్టుకోవడానికి చేతిలో కొత్త తువ్వాలు. రెంటచింతల దాటేదాకా అన్న గురించే చెప్పాడు. ఎండ ముదిరాక మాచర్లలో దిగి, ఆటోలో కొట్టుకు చేరాం.

కొట్టాయన మంచి మర్యాదస్థుడు. కూర్చోబెట్టి, పెరట్లో పొయ్యి మీద కాచిన టీ ఇప్పించాడు. తర్వాత ఒక రేకు పళ్లెం తెచ్చి ముందు పెట్టాడు. ఉలులు, బాడిస, రంపపు ఆకులు, బ్లేడ్లు. అన్నీ తళతళలాడుతున్నాయి. ఒక్కదానికీ పిడి లేదు.

"మీరొస్తారని తోమించి పెట్టా. కర్రంతా పీకించేశా. తూకంలో మీకు నష్టం రాగూడదు గదా."

"కర్ర ఏదండీ?" అని అడిగాడు బ్రహ్మం.

"పొయ్యిలో పెట్టేశాం. నిన్న సాయంత్రం దాకా పెట్టె అట్నే ఉందయ్యా. తుమ్మ గదా, చానాసేపు మండింది."

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. బ్రహ్మం లేచి పెరట్లోకి వెళ్లి, పుల్లతో బూడిద కెలికాడు. ఏమీ దొరకలేదు. తిరిగి వచ్చి, పళ్లెంలోంచి అన్న బ్లేడు తడుముకోకుండా తీసుకున్నాడు. కొట్టాయనకు అప్పుడు అర్థమైంది.

"నాకు తెలియదు తమ్ముడూ. మంచి చేద్దామనే చేశా" అన్నాడు. పైసా పుచ్చుకోలేదు.

బస్టాండు దగ్గర భోజనం బాగానే పెడతారు. బ్రహ్మం ముద్ద ముట్టలేదు. సాయంత్రం బండిలో ఏదో ఒకటి అనాలని అన్నాను.

"నా దగ్గర తుమ్మ దిమ్మ ఉంది. అదే కొలతకు చేసిస్తా. వేలి గుంట కూడా చెక్కుతా."

"ఎవరి వేలు పెట్టి కొలుస్తారు మాస్టారూ?"

రెంటచింతల దాటాక తనే మళ్లీ అన్నాడు.

"నిన్న పోయుంటే అన్న తిట్టేవోడు. అమావాస్య నాడు ఆ పెట్టె మూత ఎవర్నీ ఎత్తనిచ్చేవోడు కాదు." బ్లేడు చుట్టిన తువ్వాలు ఒళ్లో సర్దుకున్నాడు. "తిట్టినా బాగుండేది. పెట్టె అయినా మిగిలేది గదా."

గురజాలలో దిగిపోయాడు. అంత పెద్ద తువ్వాల్లో ఆ చిన్న బ్లేడు ఉందో లేదో కూడా తెలియడం లేదు. నాకు ఏడుపొచ్చింది.

పాత పనిముట్ల కోసం పల్నాడు వైపు వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. కబురందిన రోజే బయలుదేరండి. తుప్పు ఎంత పట్టినా ఫరవాలేదు, వదిలించవచ్చు. ఆ బ్లేడు మీద తుప్పు చుక్క కూడా లేదు. కొట్టాయన శుభ్రంగా తోమించాడు. నాకు చేయడానికి పనేమీ మిగల్లేదు.