రేపటి సాక్షి

బీడీలు చుట్టేటప్పుడు భూమవ్వ చూపు చాటమీద ఉండదు, టీవీ సీరియల్‌లోని వకీలు మీద ఉంటుంది. హంతకులను సైతం విడిపించే ఆయనను ‘మా వకీలు’ అంటుంది. ఆయన సాక్షులను తికమక పెడుతుంటే పకపకా నవ్వేది. పోయిన చలికాలం చెరుకు ట్రాక్టర్ ఒక మనిషిని గుద్ది ఆగకుండా పోవడం ఆమె కళ్లారా చూసింది. రేపు బోధన్ కోర్టులో ఆ సంగతి చెప్పాలి. ఇవాళ తెరమీద వకీలు వేలు చూపించి, “నువ్వు నిజంగా చూశావా?” అని గద్దించగానే ఆమె చేతిలో తునికాకు చిరిగిపోయింది.

“సూసిన సారూ!” అని అరిచింది.

కోడలు నిఖిత నవ్వింది. “గదంత టీవీనే, అత్తమ్మా! సూసింది సెప్పనీకి భయమెందుకు?”

“సెప్తనే బిడ్డా. గని మా వకీలు గట్ల అడుగుతుంటె, నిజంగ సూసిన్నా అని నాకే అనుమానమొస్తున్నది.”