యాదమ్మ కార్డులో లేని మాట

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, ఒక్క మాట. పెద్దదేం కాదని రాసి ఇప్పుడే ఆగాను. చూశారా, ఇంకా తగ్గించి చెప్పుకోవాలనే చూస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా సంఘంలో ఎవరి చెవిన వేసినా వచ్చే శనివారానికి అది ప్రార్థన అంశమైపోతుంది.

మొయినాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే దారిలో మాదొక చిన్న ప్రెస్బిటేరియన్ చర్చి. నేను ప్రైవేటు బడిలో తెలుగు టీచరును. శనివారం మధ్యాహ్నం స్త్రీల కూడికలో బైబిలు చదివి అర్థం చెప్పే పని నాదే. యాదమ్మ సురంగల్ నుంచి ఆటోలో వచ్చేది. యాభై దాటిన మనిషి, అప్పట్లో అక్షరం ముక్క రాదు. పక్షవాతంతో మంచం పట్టిన మా అత్తమ్మను పగలంతా చూసుకునేది కూడా ఆవిడే. ఆవిడ ఉంటేనే నేను బడికి వెళ్లగలిగేదాన్ని.

జనవరి మొదటి కూడికలో మేం వాగ్దానం కార్డులు తీస్తాం. స్టీలు పళ్లెంలో బోర్లించిన చిన్న కార్డులు, ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం. ఎవరికి ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు వాళ్లకిచ్చిన మాట. చీట్లు తీసినట్టు ఇలా వాక్యం తీయకూడదని పాస్టరుగారు రెండుసార్లు చెప్పారు. మేం తలలూపి, ఆయన లేని రోజు చూసి తీశాం.

ఆ ఏడు యాదమ్మకు అది ఉత్త కార్డు కాదు. జహీరాబాద్‌లో ఉన్న కూతురు రేణుకకు ఐదో నెల. డాక్టరు ప్రయాణం చేయొద్దన్నారు. అల్లుడు లారీ ఎక్కితే నాలుగు రోజులకు గానీ ఇంటికి రాడు. కాన్పు దాకా వచ్చి తోడుండమని రేణుక రోజూ ఫోన్ చేసేది. వెళ్తే మా అత్తమ్మకు దిక్కెవరని యాదమ్మ బెంగ. ఎటూ తేల్చుకోలేక, కార్డులో ఏం వస్తే అదే చేస్తానంది.

తీసి నా చేతిలో పెట్టింది. లేచి వెళ్లమని ఉంది అందులో. భయపడొద్దు, తోడుగా నేనొస్తాను అని. ఒక మనిషికి ఇంత సూటిగా కార్డు రావడం నేనెప్పుడూ చూడలేదు. వచ్చే సోమవారం నుంచి అత్తమ్మ, నా ఉద్యోగం, అంతా ఒక్కసారి కళ్ల ముందు తిరిగింది.

“జర సదువు టీచరమ్మా. నాకేం జెప్పిండు దేవుడు?”

“ఉన్నకాడనే ఉండుమన్నడు యాదమ్మక్కా.”

“మరి నా బిడ్డ?”

“బిడ్డను ఆయనే సూసుకుంటడు.”

ఇంకోసారి చదవమంది. బైబిలు వాక్యాలు నోటికి రావడం నాకు దేవుడిచ్చిన వరమని అందరూ అంటారు. ఉన్నచోటే నిలిచి ఉండమనే వాక్యం ఒకటి గుర్తుకొచ్చింది. చూసి చదువుతున్నట్టే అప్పజెప్పాను. యాదమ్మ నా వెంట చెప్పుకుంటూ కంఠతా పట్టింది. కళ్లు తుడుచుకుని, కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి బైబిలు అట్టలో దాచుకుంది.

మార్చిలో రేణుక స్నానాల గదిలో జారిపడింది. ఇంట్లో ఎవరూ లేరు. పక్కింటామె చూసి దవాఖానకు తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. రేణుక బతికింది. కడుపులో బిడ్డ దక్కలేదు.

పరుగున వెళ్లిన తల్లితో ఆ పిల్ల ఒకటే మాట అందట. “దేవుడు ఉండుమన్నడని ఉన్నవు గద. ఆ దేవునితోనే ఉండు.” ఆ తర్వాత ఫోన్లు లేవు. వారానికి తిరిగొచ్చి, మా అత్తమ్మకు పక్క బట్టలు మారుస్తూ యాదమ్మ ఇదంతా చెప్పింది. నేను ఏడ్చాను. ఆవిడే నన్ను ఓదార్చింది. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

యాదమ్మ అక్కడుంటే రేణుక పడేది కాదా? ఏమో. ఉన్నా పడేదేమో. పాస్టరుగారు అన్నట్టు ఆ కార్డుల్లో ఏమీ లేకపోతే నేను మార్చింది వట్టి కాగితం ముక్క, మరి దానికి ఇన్నేళ్ల బాధెందుకు? నిజంగా దేవుడే మాట్లాడి ఉంటే, ఆయన మాట తుడిచేసి నా మాట పెట్టానే, దాన్నేమంటారు? ఏది నమ్మితే నా తప్పు చిన్నదవుతుందో ఒక వారం అది, ఇంకో వారం ఇది నమ్ముతూ వచ్చాను. రెండూ నిలవలేదు. ఎందుకు ఉండమన్నాడో ఆయనకే ఎరుక అని యాదమ్మ కూడికలో సాక్ష్యం చెప్తుంది. అందరూ ఆమెన్ అంటారు. నేనూ అంటాను.

అత్తమ్మ మరుసటి ఏడాదే పోయింది. దాంతో సాకు కూడా పోయింది. అయినా నోరు రాలేదు.

పోయినేడు, చదువు రాని పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పాలని కూడికలో అనుకున్నాం. యాదమ్మకు నేనే నేర్పుతానన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తేలడం లేదు. చేసిన పాపం కొంత తగ్గుతుందనా? నేను చెప్పలేనిది ఆవిడే చదివి తెలుసుకోవాలనా? ఆవిడ ఒక్కో అక్షరం దిద్దుతుంటే ఒక టీచరుగా మురిసిపోయాను, ఇంటికొచ్చి ఆవిడకు ఇంకా ఎన్ని అక్షరాలు మిగిలాయో లెక్కపెట్టుకునేదాన్ని.

ఇప్పుడు కూడబలుక్కుని చదువుతుంది. పోయిన శనివారం ఆ ప్లాస్టిక్ కవరు తీసి చూపించింది. “వచ్చే వారం అందరి ముందట దీన్నే సదువుత టీచరమ్మా. నోటికొచ్చిందే గద, అల్కగ సదువొచ్చు.”

ఏదో వంకతో కార్డు ఇంటికి తెచ్చి మార్చేయవచ్చనుకున్నాను. అదీ ఒప్పుకుంటున్నాను. కానీ కూడికకే తీసుకురమ్మన్నాను.

రేపే శనివారం. మొదటి మాట దగ్గరే ఆవిడ ఆగిపోతుంది. ఆగి నా వైపు చూస్తుంది, తెలియనిదేదైనా నన్నే అడగడం అలవాటు. అప్పుడు నాకు మాట పెగులుతుందో లేదో. ముందే సురంగల్ వెళ్లి చెప్పేద్దామని పొద్దున చెప్పులు వేసుకున్నాను, మళ్లీ విప్పేశాను. ఆవిడ క్షమిస్తే నేనేమైపోతానో, క్షమించకపోతే ఏమైపోతానో కూడా తెలియడం లేదు. అందుకే, కనీసం కాగితం మీదైనా, ఆరేళ్లలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

నీ కార్డులో వెళ్లమనే ఉంది. ఉండమన్నది దేవుడు కాదు యాదమ్మక్కా, నేను.