బ్రేకు మేడం ఊరు దాటింది

మా అక్కకు కుదురు లేదు. పుట్టినప్పటి నుంచీ అంతే అనుకునేరు, కాదు. ఆ ఉద్యోగం అలా చేసింది. టైర్ల కొట్టు మీద రెండు గదులు అద్దెకు తీసుకుని డ్రైవింగ్ స్కూల్ పెట్టింది. పైన బల్ల దగ్గర ఫోన్లు ఎత్తేది నేను, కింద బండిలో కూర్చుని జనాన్ని తిట్టేది ఆమె. నేర్పే బండికి పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు కంగారుపడి ఎవరినైనా గుద్దబోతే, నేర్పేవాళ్ళు అది తొక్కి ఆపాలి. పాతికేళ్ళుగా అక్క చేసిన పని అదే. అందుకే పేటంతా ఆమెను బ్రేకు మేడం అనేవాళ్ళు.

ఆ కాలు ఇంట్లో కూడా ఊరుకునేది కాదు. బస్సెక్కితే ముందు సీటును తొక్కేది. టీవీలో ఎవడైనా బండి వేగంగా తోలితే ఎదురుగా ఉన్న టీపాయ్‌ని తన్నేది.

"టీవీలో వాడికి యాక్సిడెంటైతే నీకేం పోయింది అక్కా?" అనేదాన్ని.

"నా కళ్ళ ముందే అవుతోందా లేదా?" అనేది.

ఇలాంటి మనిషితో వేగడం పగవాళ్ళకు కూడా వద్దు. ఆమె పెళ్ళి ఊసే ఎత్తనివ్వలేదు. నా పెళ్ళి పెటాకులయ్యాక నేను వచ్చి ఆమె పక్క గదిలో చేరాను. ఇంట్లో ఉన్నది ఇద్దరమే.

ఆమెకు కడుపునొప్పి మొదలైతే గ్యాస్ అంది. బరువు తగ్గితే సన్నబడ్డానంది. పోట్లాడి, చెయ్యి పట్టి లాక్కెళ్ళి స్కానింగ్ తీయిస్తే క్లోమం మీద గడ్డ. పెద్దాసుపత్రి డాక్టరుగారు దాపరికం లేకుండా చెప్పారు. "తీసేస్తే బతికే అవకాశం ఉందమ్మా. కానీ చాలా పెద్ద ఆపరేషన్. బల్ల మీదే ఏమైనా జరగొచ్చు. తీయకపోతే మాత్రం ఏడాది తిరగదు." సోమవారం రమ్మన్నారు. ఆ రోజు దాటితే గడ్డ పక్కకు పాకుతుందనీ, ఆ తర్వాత తన చేతుల్లో ఉండదనీ మరీ మరీ చెప్పారు.

అక్క "సరే, కోసెయ్యండి" అంది, కొట్లో గుమ్మడికాయ ముక్క అడిగినట్టు. నేను వివరాలు గుచ్చి గుచ్చి అడుగుతుంటే నర్సుల ముందు నా పరువు తీసింది కూడా. ఇంటికొచ్చాక మాత్రం ఒక్కచోట నిలబడలేదు. బీరువా సర్దింది, సర్దినదే మళ్ళీ పీకి సర్దింది. కడిగిన బండినే కడిగింది. బుధవారం పొద్దున్న నేను లేచేసరికి అక్కా లేదు, బండీ లేదు. ఫోన్ చేస్తే మూడోసారికి, బండి ఓ పక్కన ఆపుకుని, ఎత్తింది.

"ఊరు దాటేశానే" అంది.

"దాటి ఎక్కడికి?"

"తెలీదు. పోతున్నా."

"ఎవరితో?"

"ఎవరితో ఏమిటి, నా బండి నేనే తోలుతున్నా. పక్కన ఎవడూ లేడు, హాయిగా ఉంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. సోమవారం సంగతేంటని అరిచాను. ఆమె "చూద్దాంలే" అంది. ఆ చూద్దాంలే ఏమిటో నాకు తెలుసు. అప్పులవాడికీ, అల్లరి విద్యార్థికీ, ఇష్టంలేని చుట్టానికీ ఆమె చెప్పే మాట అది. అంటే రాదన్నమాట.

పాతికేళ్ళు బండిలోనే బతికింది గానీ, ఆ బండి మా నాలుగు వీధులూ, స్టేడియం చుట్టూ ఉన్న రోడ్డూ తప్ప ఏమీ చూడలేదు. ఇప్పుడు ఏదీ వదలదలుచుకోలేదు కాబోలు. సముద్రం దగ్గరికి పోయింది. "చూశాను, అయిపోయింది" అని పావుగంటలో బయల్దేరింది. కొండల్లో ఒక లాడ్జిలో దిగింది, దుప్పటి వాసనేస్తోందని గది ఖాళీ చేసింది. ఇంకో ఊళ్ళో భోజనం బాగుందంది, బాగుంటే ఉండొచ్చుగా, అక్కడా ఉండలేదు. ఏ ఊరి నుంచి ఫోన్ చేసినా "ఇక్కడ నచ్చలేదే, ముందుకు పోతా" అనడమే. ఆగితే ఏదో వచ్చి మీద పడుతుందన్నట్టు పరుగు. నేను మందుల మాట ఎత్తి తిట్టేదాన్ని, ఆమె సిగ్నల్ లేదని పెట్టేసేది.

ఒక్క కబురు మాత్రం నవ్వుతూ చెప్పింది. బండి మీద డ్రైవింగ్ స్కూల్ బోర్డు అలాగే ఉంది కదా, దారిలో లారీలన్నీ భయపడి దూరం జరుగుతున్నాయట. ఒక లారీ డ్రైవర్ అయితే పక్కకొచ్చి, "ఈ వయసులో నేర్చుకుంటున్నారా అమ్మా?" అని అడిగాడట.

"అవును బాబూ, ఇప్పుడే మొదలెట్టా అన్నానే" అని పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు శుక్రవారం.

శనివారం మధ్యాహ్నం దాకా ఫోన్ లేదు. నేను ఇంట్లో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతూనే ఉన్నాను. చివరికి మోగితే, ఇదిగో ఈసారి వదలను అని తిట్లన్నీ కూడగట్టుకుని ఎత్తాను. అవతల అక్క గొంతు అదోలా ఉంది.

"ఒసేయ్, డ్రైవర్ ఎప్పుడొస్తాడని అడుగుతున్నాడే."

"ఎవరు?"

"టీ కొట్టతను. బండి అడ్డంగా ఉందట. ఏం చెప్పను?"

మెల్లగా రాబడితే తేలింది. హైవే పక్కన టీ తాగి, తిరిగొచ్చి, అలవాటు చొప్పున పక్క సీటు తలుపు తీసుకుని కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. కాలు బ్రేకు మీద పెట్టి, "అద్దాలు చూసుకున్నారా? ఇక పోనివ్వండి" అంది. అని ఎదురుచూసింది. ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలీదు, టీ కొట్టతను అద్దం మీద తట్టేదాకా. అప్పుడు చూసుకుంటే నడిపే సీట్లో ఎవరూ లేరు.

"భయమేసిందే" అంది. మా అక్క నోట ఆ మాట నేను విననే లేదు ఎప్పుడూ. "ఆ బల్ల మీద కూడా అంతే కదే. మత్తిచ్చేస్తారు. నా ప్రాణం ఎవరో నడుపుతారు. తప్పు చేస్తుంటే నేను చూడను, నా కాలి కింద ఏమీ ఉండదు. అది తలుచుకుంటే కూర్చోలేకపోతున్నానే. అందుకే వచ్చేశాను."

నా తిట్లన్నీ ఎటు పోయాయో. "నాకూ భయంగానే ఉంది అక్కా" అన్నాను. "నాకు అన్నం కూడా దిగడం లేదు."

"నీకా?" అంది. "మరి ఆ ముక్క చెప్పవేం? ధైర్యంగా అరుస్తున్నావు కాబట్టి నీకేం బెంగ లేదనుకున్నా. నేనొక్కదాన్నే పిరికిదాన్నని సిగ్గేసి చచ్చానే!"

"నువ్వు పోతే నేనెక్కడికి పోను అక్కా?"

అవతల బండి తలుపు తీసిన చప్పుడు, వేసిన చప్పుడు. "పెట్టెయ్. నడిపేటప్పుడు ఫోన్ మాట్లాడకూడదు" అంది.

ఆదివారం చీకటి పడకముందే వచ్చింది. ముఖం నల్లగా కమిలిపోయి, కళ్ళు లోపలికి పోయి ఉంది. నేను అన్నం పెడితే తింది.

సోమవారం పొద్దున్న ఆసుపత్రి దుస్తులు తొడిగి, చక్రాల మంచం మీద ఆపరేషన్ గది దాకా తీసుకొచ్చారు. దారంతా "ఆ మూల చూసుకోండి, నెమ్మదిగా తిప్పండి" అని ఆ మంచం తోసేవాళ్ళ ప్రాణం తీసింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే నడిచాను. తలుపు దగ్గర నర్సు, "ఇక వదలండమ్మా" అంది.

నన్నే అంటోందనుకుని వదిలేశాను. చెయ్యి రాలేదు. చూస్తే, పట్టుకున్నది అక్క. కళ్ళు గట్టిగా మూసుకుని, నా వేళ్ళు నలిగేలా పట్టుకుంది. నర్సు మళ్ళీ పిలిచింది. అక్క వదల్లేకపోయింది. చివరికి నేనే ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి లోపలికి పంపాను. ఏ బిడ్డనూ కనని నేను, బిడ్డను బళ్ళో వదిలిన తల్లిలా ఆ తలుపు దగ్గరే నిలబడిపోయాను.

డాక్టరుగారు సాయంత్రానికి బయటికి వచ్చి, అంతా బాగానే జరిగిందన్నారు. ఇంత ఆలస్యం చేస్తారా అని ఆ పెద్దమనిషిని కూడా తిట్టాను. తిడుతూనే ఆయన కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాను.