స్తంభం ఎక్కే ముందు

మొన్న ఆదివారం పొద్దున మా కోడలు ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని, చిక్కుడుకాయలు తుంచుతూ, మధ్యమధ్యలో ఒక మీట నొక్కుతూ కూర్చుంది. ఏం చేస్తున్నావమ్మా అంటే, ఆఫీసువాళ్లు పంపిన శిక్షణ పాఠాలట, సాయంత్రంలోగా పూర్తి చేయాలట, అందుకని మాటలు వినపడకుండా ఆపేసి బొమ్మలు మాత్రం ముందుకు జరుపుతోందట. కూర పొయ్యి మీదికి ఎక్కేలోపే "అయిపోయింది మామా, పాసైన" అని నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఆమె లోపలికి వెళ్లాక చాలాసేపు అక్కడే ఉండిపోయాను. ఉద్యోగం చేస్తూ మళ్లీ పాఠం చెప్పించుకోవడమంటే ఒకప్పుడు నాకెంత సిగ్గుగా ఉండేదో, ఆ పాఠమే మా ఇంటి మనిషిని ఎట్లా నిలబెట్టిందో ఆ పిల్లకు తెలియదు. నా ఈడువాళ్లకైతే చెబితే అర్థమవుతుందని రాస్తున్నాను.

నేను కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. కొత్తకోట దాటి లోపలికి పోయే పల్లెల్లో నా ఉద్యోగం. మా పని మాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెద్ద లైన్‌మన్ల వెంట నిచ్చెన మోస్తూ తిరిగి, వాళ్లు చేసింది చేసి, వాళ్లు చేయనిది చేయకుండా నేర్చుకున్నాం. తెలంగాణ వచ్చి, బోర్లకు రోజంతా కరెంటు ఇవ్వడం మొదలైన తర్వాత మాకు తీరిక అనేది లేకుండా పోయింది. ఇంతకుముందు కరెంటు కోత వేళల్లో నిదానంగా చేసుకునే మరమ్మతులకు ఇప్పుడు పావుగంట ఆలస్యమైతే పది ఫోన్లు. నా భార్య తమ్ముడు కూడా నన్ను చూసే ఈ పనిలోకి వచ్చి, నా సెక్షన్‌లోనే లైన్‌మన్‌గా చేరాడు. నాకంటే పదేళ్లు చిన్న. నేను నిచ్చెన ఆనించి చుట్టూ చూసేలోపే సగం స్తంభం ఎక్కేసేవాడు. అతని చురుకు చూసి నేను మురిసిపోయేవాణ్ని తప్ప, ఒక్కనాడూ ఆపలేదు.

నాకు యాభై రెండు దాటాక, భద్రత మీద మూడు రోజుల క్లాసులు, అందరూ రావాలని కబురొచ్చింది. పాఠం చెప్పేది ఒక ఇరవై ఆరేళ్ల ఇంజనీరమ్మ. దేవరకొండ అవతల గొర్లు కాసుకునే ఇంటి నుంచి చదువుకుని వచ్చిందని తర్వాత తెలిసింది. ముప్పై మంది నెరిసిన తలల ముందు ఆ అమ్మాయి నిలబడి, పనికి ముందు తీగకు ఎర్తు రాడ్డు కట్టడం గురించి చెప్పింది. పొడవాటి కర్రకు కొక్కెం, దానికొక లావుపాటి తీగ. ఆ తీగ కొసను ముందు నేలలో దిగ్గొట్టిన కడ్డీకి బిగించి, ఆ తర్వాత కొక్కేన్ని పైనున్న కరెంటు తీగకు తగిలించాలి. పొరపాటున కరెంటు మిగిలి ఉంటే మనిషి గుండా కాకుండా నేలలోకి పోతుంది. అందరికీ తెలిసిందే, ఎవరూ చేయనిదే.

నేను ఊరుకోలేదు. "మేడం, గివన్ని క్లాసుల బాగుంటయి. బోరు ఆగితే రైతు మా మీదికొస్తడు. గప్పుడు గీ కడ్డీలు కట్టుకుంట కూసుంటమా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "రాండ్రి, ఒక్కసారి కట్టి చూపియ్యుండ్రి" అంది.

ఆవరణలో పాఠం కోసమే పాతిన స్తంభం ఉంది. నేను ధీమాగా వెళ్లి కర్ర ఎత్తి, కొక్కెం పైన తగిలించి, ఆ తర్వాత వంగి రెండో కొస నేలలోని కడ్డీకి బిగించబోయాను. ఆమె నా చేయి ఆపింది. "ముందుగాల పైన తగిలిచ్చిన్రు. పైన కరెంటు ఉండుంటే మీరిప్పుడు లేరు" అంది, చాలా మెల్లగా. ఈసారి అందరూ నవ్వింది నా మీద. అందరికంటే గట్టిగా నవ్వినవాడు మా బామ్మర్దే. ముప్పై ఏళ్ల సర్వీసు ఆ ఎండలో కరిగిపోయినట్టనిపించింది. మధ్యాహ్నం అన్నం తినకుండా బస్టాండుదాకా నడిచి, ఇంటికి వెళ్లిపోదామనుకుని, మళ్లీ ఎందుకో వెనక్కి వచ్చాను.

సాయంత్రం అందరూ పోయాక ఆమె నా దగ్గరికొచ్చింది. "కోపమొచ్చిందా కాకా? లైన్ల మీద పని మీకున్నంత నాకు తెల్వదు, పుస్తకాల చదువుకున్నదే తెలుసు. మీరు ట్రాన్స్‌ఫార్మర్ చప్పుడు వినే లోడు ఎక్కువైందో లేదో చెప్తరట గదా, గది నాకు నేర్పుండ్రి. గిది నేను మీకు నేర్పుత." అట్లా అడిగిన అధికారిని నేను అంతకుముందు చూడలేదు. ఆఫీసు వెనకాల ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆమె చెవి పెట్టి వింది. స్తంభం దగ్గర నేను పదిసార్లు కట్టి విప్పాను, చెయ్యి తనంతట తానే ముందు నేల వైపు పోయేదాకా.

అయినా మనిషి బుద్ధి అంత త్వరగా మారదు. మాకిచ్చిన రాడ్లను సెక్షన్ ఆఫీసులో బీరువా వెనక నిలబెట్టాను. అవి అక్కడే ఉండిపోయాయి.

ఆ యాసంగి పంట చివర్లో ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. వరి పాలు పోసుకునే సమయం, ఎండలు మండుతున్నాయి, మడి ఒక్కరోజు ఆరితే గింజ తాలుపోతుంది. మా లైన్లో ఒక తీగ తెగి పొలంలో పడింది. మిగిలిన రెండు తీగలూ పైనే ఉన్నాయి. నేను సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను మొత్తం ఆపించాను. పొలాలకు చీలే చోట ఉన్న స్విచ్చు పిడి కిందికి లాగి తాళం వేశాను. ఇక ఈ పాయకు కరెంటు రాదు గనుక, మిగతా ఊళ్లకు ఇచ్చేయమని చెప్పాను. రోజూ చేసే పనే. పిడి కిందికి వచ్చిందా లేదా అని చూశాను గాని, తల ఎత్తి పైకి చూడలేదు.

మేము తెగిన చోటికి చేరేసరికి ఇరవై మంది రైతులు గట్టు మీద నిలబడి ఉన్నారు. బామ్మర్ది బండి దిగుతూనే నిచ్చెన ఆనించి నాలుగు మెట్లు ఎక్కాడు. ఏమైందో ఇప్పటికీ చెప్పలేను, పైనున్న ఆ రెండు తీగలు చూడగానే "మీరిప్పుడు లేరు" అన్న మాట చెవిలో పడింది.

"దిగు" అన్నాను.

"ఏందే బావా, లైన్ బందు జేసినవు గదా?"

"జేసిన. అయినా దిగు. రాడ్డు తెస్త."

"గింతమంది ముంగట ఇజ్జత్ తీస్తున్నవు. ఐదు నిమిషాల పని!"

నేను అతని కాలు పట్టుకుని కిందికి లాగాను. పెళ్లయిన నాటి నుంచీ మా మధ్య ఒక్క మాట కూడా పెరగలేదు. ఆ రోజు అందరి ముందూ కొట్టుకునేదాకా పోయింది. రైతుల్లో ఒక పెద్దాయన "చేతగాకుంటే చెప్పుండ్రి, వేరేటోళ్లను పిలుచుకుంటం" అన్నాడు. నేను బండి మీద ఆఫీసుకు పోయి రాడ్డు తెచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడవునా, ఏమీ కాకపోతే రేపు ఈ ఊళ్లో తల ఎట్లా ఎత్తుకోవాలా అనే ఆలోచనే.

అందరినీ దూరంగా జరిపాను. కడ్డీ దిగ్గొట్టాను, కొస బిగించాను. చేతికి తొడుగు వేసుకుని కర్ర ఎత్తి, దగ్గరి తీగకు కొక్కెం ఆనించాను.

తుపాకీ పేలినట్టు చప్పుడైంది. తెల్లటి మెరుపు కళ్లలోకి కొట్టింది. నేను కర్ర వదిలేసి గట్టు మీద వెనక్కి పడ్డాను. జేబులో ఫోన్ మోగింది; లైన్ దానంతటదే ఆగిపోయింది, ఏమైందని సబ్‌స్టేషన్ నుంచి అడుగుతున్నారు. కరెంటు మళ్లీ ఇవ్వొద్దని చెప్పాను. బామ్మర్ది తన రెండు అరచేతులు ముందు పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. ఇందాక నన్ను అన్న పెద్దాయనే వచ్చి అతనికి నీళ్లు తాగించాడు.

తర్వాత వెళ్లి చూస్తే, స్విచ్చు పైన ఒక్కో తీగకు ఒక్కో కత్తి, అంటే కరెంటును కలిపే రేకు, ఉంటుంది; ఆ మూడింట్లో రెండు విడిపోయి, ఒకటి తుప్పు పట్టి అతుక్కునే ఉంది. లైన్ అట్లాగే ఆపి ఉంచి, పని పూర్తి చేసి, పొద్దు గూకక ముందే బోర్లు నడిపించాం. ఇంటికి పోతుంటే బామ్మర్ది బండి వెనక కూర్చుని నా భుజం పట్టుకున్నాడు, ఊరు వచ్చేదాకా వదల్లేదు. మా ఇంటి ఆడవాళ్లకు ఆ సంగతి చాలా కాలం చెప్పలేదు.

ఇంజనీరమ్మకు ఫోన్ చేశాను. "ఎవరికన్న తాకిందా కాకా?" అంది మొదట. లేదు బిడ్డా అన్నాను. మేడం అనడం ఆ క్షణంలో మరిచిపోయాను. మెచ్చుకుంటుందనుకున్నాను. "స్విచ్చు లాగినంక కత్తులు చూసిన్రా?" అని అడిగింది. చూడలేదన్నాను. "అయితే రేపు రాండ్రి, అందర్ని మళ్ల పిలిపిస్త. గీ ముచ్చట అందరికీ మీరే చెప్పాలె. రాడ్డు కట్టింది చెప్పుండ్రి, కత్తులు చూడంది సుత చెప్పుండ్రి."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. స్తంభం మీద భయపడని మనిషిని, మర్నాడు ఆ ముప్పై మంది ముందు నిలబడడానికి భయపడ్డాను. నా తప్పుతో మొదలుపెట్టాను. ఎవరూ నవ్వలేదు. నేను ముగించాక వెనక బెంచీలోంచి ఒకతను లేచి, రెండేళ్ల కింద తనకు జరిగిందొకటి చెప్పాడు. అతని తర్వాత ఇంకొకతను. మధ్యాహ్నందాకా ఆమె పుస్తకం తెరవనేలేదు. అప్పటి నుంచి కొత్త క్లాసులు జరిగినప్పుడల్లా నన్ను పిలిపించేది, రిటైరయ్యేదాకా వెళ్లాను. తర్వాత ఆమెకు బదిలీ అయింది; ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో తెలియదు.

ఈ మధ్య పెన్షన్ కాగితం పని మీద ఆఫీసుకు వెళితే, కొత్తగా చేరిన పిల్లలు కనిపించారు. చదువుకున్నవాళ్లు, మర్యాదస్తులు, నా కాలంలో లేని పరికరాలు వాళ్ల చేతుల్లో ఉన్నాయి. పాఠాలన్నీ ఇప్పుడు ఫోన్లలోకే వస్తాయట, ఒకతను చూపించాడు. అందులోని మనిషి శుభ్రమైన తొడుగులతో, అన్నీ వరుసగా, సరిగ్గా చేస్తాడు. చాలా బాగుంది. కానీ చివరిదాకా చూసినా అతను ఒక్క తప్పూ చేయలేదు. ఈ పిల్లలకు కూడా ఎప్పుడో ఒకనాడు చెయ్యి తప్పే ఉంటుంది. పక్కవాడు నేర్చుకోవాలని అది చెప్పుకోవడానికి, చెబుతుంటే నవ్వకుండా వినడానికి, మా క్లాసులు జరిగిన ఆ గదిలో ఇప్పుడు ఒక్క బెంచీ కూడా లేదు.