మేనకోడలి పరీక్షకు అరువిచ్చిన ఒళ్ళు

మొన్న నడుము పట్టేస్తే ఊరి నడిబొడ్డున, చౌక్తడా పేటలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. తెల్లవాళ్ళ కాలం నాటి భవనం, లిఫ్టు లేదు. మెట్లెక్కేసరికి ఉన్న నొప్పి కాస్తా రెట్టింపయింది. డాక్టరు కుర్రవాడు. కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండానే, పెద్దవాళ్ళని పిలిచే బర్మా మర్యాద ప్రకారం నా పేరుకి ముందు 'ఊ' తగిలించి, నొప్పి ఎక్కడని అడిగాడు. చెప్పాను. టకటకా కొట్టుకున్నాడు. ఎక్స్‌రే రాశాడు, మాత్రలు రాశాడు, బయట కూర్చున్న వాళ్ళలో తర్వాతి మనిషిని పిలిచాడు. నా ఒంటి మీద మాటవరసకైనా ఒక వేలు వెయ్యలేదు. మెట్లు దిగుతూ ఉంటే నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. పాపం, ఆ కుర్రాడి మీద కాదు. ఒంటిని ఎలా పరీక్ష చెయ్యాలో నాకు బాగా తెలుసు. డాక్టరునై కాదు, కొన్ని నెలల పాటు నా ఒళ్ళే ఒక పిల్లకి పాఠ్యపుస్తకమైంది కాబట్టి.

ఆ పిల్ల మా అక్క కూతురు. మలేషియాలో వెన్నుపూస సరిచేసే వైద్యం చదివింది. కైరోప్రాక్టిక్ అంటారు దాన్ని. ఆ మాట మా ఇంట్లో ఒక్కరికీ నోరు తిరగలేదు. అక్క 'ఎముకల సదువు' అనేది. బావ ఎవరైనా అడిగితే 'ఏదో డాక్టరీలాటిదే' అని మాట మార్చేసేవాడు. చదువు పూర్తయి, ఇక లైసెన్సు పరీక్ష ఒక్కటే మిగిలిందనగా కరోనా వచ్చి పడింది. పిల్ల పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేసింది. విమానాలు మళ్ళీ తిరిగాక వెళ్ళి పరీక్షకి కూర్చోవాలి. అందులో రెండు భాగాలు. ఒకటి కాగితం మీద: రోగి చెప్పేది చదివి రోగమేదో తేల్చాలి. రెండోది చేత్తో: పరీక్షకుల ఎదుట ఒక మనిషిని బల్ల మీద పడుకోబెట్టి తల నుంచి అరికాలి దాకా చూడాలి, తాకాలి, తట్టాలి, వినాలి. రెండూ గట్టెక్కితేనే లైసెన్సు, లేకపోతే అన్నేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే. మొదటిదానికి పుస్తకాలు చాలు. రెండోదానికి మనిషి ఒళ్ళు కావాలి.

మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మూడో అంతస్తు మాది. మాదంటే అక్కా బావలది. అమ్మ పోయేదాకా ఆవిడ మంచం పక్కనే ఉండిపోవడంతో నాకు పెళ్ళీడు దాటిపోయింది, వెనక గదిలో అలాగే ఉండిపోయాను. ఇంట్లో ఒళ్ళు అరువిచ్చేవాళ్ళు ఎవరని చూస్తే, అక్కకి కితకితలు. వేలు చూపిస్తే చాలు, "ఓలమ్మో, వద్దే!" అంటూ మంచం చివరికి జరిగిపోయేది. బావకి చిమిండైంగ్ బజారులో పప్పుల కొట్టు. "నాను పడుకుంటే కొట్టెవడు సూస్తాడు? నీ అయ్యా?" అని కూతుర్నే కసిరాడు, ఆ పిల్ల అయ్య తనేనన్న ధ్యాస లేకుండా. ఇక మిగిలింది నేను. ఓడరేవులో సరుకు విడిపించే కంపెనీలో గుమాస్తాని. రేవు సగం మూతపడటంతో ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాను. ఒళ్ళేగా, ఉన్నదే, అరిగిపోదు కదా అనుకున్నాను.

మధ్యాహ్నం కరెంటు ఉన్న వేళ చూసి ముందు గదిలో చాప వేసేది. నేను లుంగీ బిగించుకుని, బనీను విప్పి పడుకునేవాణ్ణి. ముట్టుకునే ముందు రెండు అరచేతులూ రుద్దుకుని వేడి చేసుకునేది. చల్లటి చెయ్యి పడితే పొట్ట బిగుసుకుంటుందట, బిగుసుకున్న పొట్ట ఏమీ చెప్పదట. ఛాతీ మీద ఒక వేలు ఆనించి, ఇంకో వేలితో దాని మీద టక్‌టక్‌మని కొట్టేది, నూనె ఎంతవరకు ఉందో డబ్బా కొట్టి చూసినట్టు. "ఇక్కడ గాలి మావయ్యా, ఇక్కడ లివర్" అని నాలోపల ఏదెక్కడుందో నాకే చూపించేది. వీపు మీద అరచెయ్యి అంచు ఆనించి, "తొంబై తొమ్మిది అను మావయ్యా" అనేది. ఆ మాట అంటే గుండెల్లోంచి వచ్చే అదురు చేతికి తెలుస్తుందట. నేను అనేవాణ్ణి. "గట్టిగా!" గట్టిగా అనేవాణ్ణి. గోడ అవతలి బర్మా ఆవిడకి నేనేదో కొత్త మంత్రం పట్టాననిపించి, మా అక్కని ఏ దేవుడిదని అడిగిందట. మోకాలి మీద సుత్తి దెబ్బల సంగతి సరేసరి. ఆ నెలల్లో నా మోకాలు తన్నినన్ని తన్నులు గుర్రాలు కూడా తన్ని ఉండవు.

కాగితం పరీక్ష కోసం నన్ను రోగిగా వేషం వెయ్యమనేది. నాకు అదే సరదా. కడుపునొప్పి అని మొదలుపెట్టి, తల తిరుగుతోందని, చెయ్యి లాగుతోందని, అరికాలు మండుతోందని, నోటికొచ్చిందల్లా కలిపేవాణ్ణి. పెన్ను నోట్లో పెట్టుకుని ఓపికగా వినేది. "అన్నిటికీ ఎస్ అంటే ఏ డిసీజూ కాదు మావయ్యా. వట్టి బయం" అని తేల్చేసేది. నిజం చెబుతున్నాను, నా నలభై అయిదేళ్ళ బతుకులో నన్ను అంత శ్రద్ధగా పట్టించుకున్నవాళ్ళు అప్పటిదాకా లేరు. అమ్మ తర్వాత నా ఒంటి మీద దయగా పడిన చెయ్యి అదొక్కటే.

ఒకరోజు కింది అంతస్తులో ఉండే మా పిన్ని చింతపండుకని వచ్చింది. తలుపు తీసే ఉంది, ఎప్పుడూ తీసే ఉండేది. నేను వెల్లకిలా పడుకుని ఉన్నాను, పిల్ల నా కుడి డొక్క కింద వేళ్ళు పెట్టి "ఊపిరి తీయి, ఇంకా, ఇంకా" అంటోంది. పిన్ని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అదేటే, మావయ్య పొట్ట పిసికేస్తన్నావు?"

"లివర్ ఎతుకుతున్నాను చిన్నమ్మమ్మా."

"ఎతుక్కో, ఎతుక్కో. మేనమామే కదే! ముట్టుకుంటే తప్పేటి, కట్టుకుంటే మాత్రం తప్పేటి?"

అక్క నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వక? మావాళ్ళలో మేనరికం కొత్తదేమీ కాదు. ఆ పిల్ల పుట్టినప్పుడు ఉయ్యాల పక్కన నన్ను నిలబెట్టి "నీ పెళ్ళాం పుట్టిందిరోయ్" అన్నవాళ్ళే వీళ్ళంతా. ఆ వేళాకోళం మా ఇళ్ళలో ఉప్పులాంటిది, ప్రతి కూరలోనూ పడుతుంది. పిన్ని చింతపండుతో పాటు ఆ మాటనీ కొంగున కట్టుకుపోయింది. గుడి దగ్గర చెప్పింది, అక్కడా నవ్వారట. అక్కణ్ణించి చిమిండైంగ్ బజారుకి చేరేసరికి నవ్వు ఊడిపోయి మాట ఒక్కటే మిగిలింది. తలుపులు మూసుకుంటున్నారన్నారు. పిల్ల మలేషియా నుంచి ఎందుకొచ్చేసిందో ఇప్పుడు తెలిసిందన్నారు. పొయ్యి లేకుండానే పులుసు మరగబెట్టగల ఘనులు మావాళ్ళు. కొట్టు దగ్గర ఎవడో బావతో "అల్లుడు ఇంట్లోనే ఉన్నాడట కదా" అన్నాడట.

ఆ సాయంత్రం చాప చుట్టేశారు. "రేపణ్ణించి ఈ తట్టడాలు, పిసకడాలు నా ఇంట్లో వొద్దు" అన్నాడు బావ. "పరీక్ష ఉంది నాన్నా, ప్రాక్టీసు లేకపోతే పోతుంది" అని పిల్ల ఏడ్చింది. "పోతే పోనీ, పరువు పోలేదా?" అన్నాడు. నేను నోరు విప్పబోతే అక్క చెయ్యెత్తి ఆపింది. మర్నాటి నుంచి ఆ పిల్ల గుండ్రటి దిండుకి బనీను తొడిగి, దాన్ని తడుతూ కూర్చునేది. దిండుకి ఊపిరి లేదు, పేగుల్లేవు, అది తొంభై తొమ్మిది అనదు. నేను గదిలోంచి బయటికొస్తే పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకునేది.

ఇంతకన్నా అడుసు ఇంకేం తొక్కుతాం అనుకున్నాను. తొక్కాం. ఒక ఆదివారం బావ నా గదికొచ్చి, మంచం మీద కూర్చుని, పైపంచెతో మొహం తుడుచుకున్నాడు.

"ఒరే, అయిందేదో అయిపోయింది. ఇంక దానికి బయటి సంబందాలు రావు. నలుగురి నోళ్ళూ ముయ్యాలంటే ఒకటే దారి. వరసైనోడివి. నువ్వే సేసుకో."

"ఏటి సేసుకునేది?"

"ఏటేటి? పిల్లని."

ఒక నిమిషం నా చెవులు నావి కావనిపించింది. "బావా, దాన్ని బుజాన మోసినోణ్ణి. సెయ్యట్టుకుని బళ్ళో దింపినోణ్ణి. నోరెలా వచ్చింది నీకు?"

"అయితే ఏటి? మా అయ్య మా అమ్మకి మేనమామే. బతకలేదేటి వాళ్ళు?" అని, నేను తల అడ్డంగా ఊపుతూనే ఉంటే లేచి నిలబడ్డాడు. గొంతు పెరిగింది. "ఓహో! నా కూతురు నీకు పనికిరాదేటి? ఈ వయసులో నీకు ఇంతకన్నా సదువుకున్న పిల్ల దొరుకుద్దేటి?"

చూశారా న్యాయం! ముట్టుకున్నందుకు దోషిని, కట్టుకోనన్నందుకు అంతకన్నా పెద్ద దోషిని. గదిలోంచి బయటికొచ్చాను. వంటగది గుమ్మంలో ఆ పిల్ల నిలబడి ఉంది. అంతా విన్నది. నా మొహంలోకి చూసింది. ఆ చూపులో భయం ఉంది. తండ్రి అంటే భయం కాదు. నేనంటే. నేను సరేనని ఉంటానేమోనని, ఆ మధ్యాహ్నాలన్నీ నా మనసులో ఇదే ఉందేమోనని ఒక్క క్షణం ఆ పిల్లకి అనుమానం వచ్చింది. "లేదే అమ్మా, లేదు" అన్నాను. తల ఊపింది. ఊపిందే గానీ ఒక అడుగు వెనక్కి వేసింది. బావని క్షమించగలను, పిన్నిని క్షమించగలను, వాళ్ళకి ఉన్న బుద్ధి అంతే. ఆ అడుగు వేయించినందుకు మాత్రం నేను ఈ లోకంలో ఎవ్వరినీ క్షమించను.

నేను బట్టలు సర్దుకుని ఆఫీసు దగ్గర గది చూసుకున్నాను. విమానాలు తిరిగాక పిల్ల వెళ్ళి పరీక్షకి కూర్చుని వచ్చింది. కాగితం మీద బ్రహ్మాండంగా గట్టెక్కింది. చేతి పరీక్షలో బల్ల మీద ఒక నడివయసు మనిషిని పడుకోబెట్టారట. తల, కళ్ళు, మెడ అన్నీ సవ్యంగా చూసింది. ఛాతీ తట్టింది. పొట్ట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. పరీక్షకుడు కానివ్వమన్నాడట, మళ్ళీ అన్నాడట. "సెయ్యి ముందుకెల్లలేదమ్మా" అని అక్కతో చెప్పిందట. అక్క ఆ మాట నాకు ఫోన్లో చెప్పి భోరుమంది. ఇంకోసారి కూర్చోవచ్చు, కానీ దానికి మళ్ళీ దేశం దాటాలి. సైన్యంలో చేరి తీరాలన్న చట్టం వచ్చాక, ఆ వయసు పిల్లలకి ఇక్కణ్ణించి బయటపడటం ఎంత కష్టమో కొత్తగా చెప్పక్కర్లేదు. లైసెన్సు రాలేదు. ఇక వస్తుందని ఎవరూ అనడం లేదు.

ఇప్పుడు చిమిండైంగ్‌లో పప్పుల కొట్టు మీద ఆ పిల్లే కూర్చుంటోంది. పెళ్ళి మాట ఎత్తనివ్వదట. నాకు పప్పు ఇంటి దగ్గరే దొరుకుతుంది, అయినా నెలకోసారి అంత దూరం పడి వెళతాను. "బాగున్నావా మావయ్యా" అంటుంది. "బాగున్నానమ్మా" అంటాను. బేరానికి వచ్చిన ముసలాళ్ళందరికీ ఈ ఊరి మర్యాద ప్రకారం ఎడమ చెయ్యి కుడి మోచేతికి ఆనించి పొట్లం చేతికిస్తుంది. నా పొట్లం మాత్రం చెక్క మీద పెట్టి, నా చెయ్యి అక్కడికి చేరేలోపలే తన చెయ్యి వెనక్కి తీసేసుకుంటుంది. కావాలని కాదు, ఆ పిల్లకి తెలియను కూడా తెలియదు. మొదట్లో అది చూసిన రోజు నాకు అన్నం దిగేది కాదు, ఇప్పుడు దిగుతోంది. కాలం మాన్పుతుందంటారు గానీ, అది మనకి చేసేది అలవాటు ఒక్కటే.